రాని తుపాను ఖర్చు ఎవరి ఖాతాలో?

వచ్చిన తుపానుకి లెక్క ఉంది. ఎన్ని ఎకరాలు పడిపోయాయి, ఎన్ని పనలు నానాయి, ఎన్ని చెట్లు కూలాయి అని రాసుకోవడానికి ఫారాలున్నాయి, బృందాలున్నాయి. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే పెట్టుబడి రాయితీ ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆలస్యమైనా, చాలకపోయినా ఏదో ఒకటి చేతికొస్తుందన్న ఆశ అయినా ఉంది. మరి వస్తుంది వస్తుందని మూడు రోజులు ఊదరగొట్టి, ఒడ్డుకు రాకముందే చల్లారిపోయిన తుపాను సంగతేంటి? దాని దెబ్బకి రైతు పోగొట్టుకున్నది రాసుకునే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు. గాలి రాలేదు, వాన రాలేదు, ఇక నష్టం ఎక్కడిది అంటారు. నష్టం ఎక్కడిదో కోతల రోజుల్లో కల్లంలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

కృష్ణా డెల్టాలో వరి కోతల కాలానికీ, బంగాళాఖాతంలో తుపాన్ల కాలానికీ పొత్తు ఈనాటిది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండూ కలిసే వస్తాయి. కాబట్టి తుపాను భయం మనకి కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా ఆ భయాన్ని గంట గంటకీ పెంచే ధోరణి. అల్పపీడనం ఇంకా అండమాన్ దగ్గర ఉండగానే టీవీలో "దూసుకొస్తోంది" అనే మాట మొదలవుతుంది. అది వాయుగుండం అవుతుందో లేదో తేలకముందే పేరు కూడా చెప్పేస్తారు. నిజానికి గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లకు చేరి, తుపాను అని తేలాకే వాతావరణ శాఖ దానికి పేరు పెడుతుంది. ఆ పేర్ల జాబితా చుట్టుపక్కల దేశాలన్నీ ముందే ఇచ్చిపెట్టుకున్నవి. తర్వాతి పేరు ఏమిటో అందరికీ తెలుసు గనక తొందరపడిపోతున్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇక సెల్‌ఫోన్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఎప్పటిదో, ఏ దేశంలోదో తెలియని అలల వీడియో మన బందరు తీరానిదని చెప్పి ఊరంతా తిప్పేస్తారు.

ఊరంతా క్యాంపులోనే

కోతల రోజుల్లో మన జిల్లాలో రైతు అన్నవాడు ఇంటిపట్టున ఉండడు. కోసిన పనలు చేలో ఉంటే గట్టు మీద, కుప్ప వేస్తే కుప్ప పక్కన, నూర్చిన ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తే ఆ రోడ్డు వారనే పడక. నాలుగు వెదురు బొంగులు, మీద ఒక బరకం, కింద ఎండుగడ్డి, తలాపున టార్చిలైటు. అన్నం ఇంటి దగ్గర నుంచి క్యారేజీలో వస్తుంది. పగలు ధాన్యం తిరగేయడం, సాయంత్రం మంచు పడకముందే పోగుచేసి కప్పడం, తెల్లారాక ఎండ చూసుకుని మళ్ళీ పరవడం. వారం పది రోజులు ఇదే బతుకు. ఆడవాళ్ళకయితే ఇల్లొకటి, కల్లమొకటి, రెండు కాపురాలు.

ఇది రైతు సంగతి. కోత మిషన్ల వెంట వచ్చే డ్రైవర్లు, హెల్పర్లు వేరే జిల్లాల నుంచీ, వేరే రాష్ట్రాల నుంచీ వచ్చి, మిషను నీడలోనే వండుకుని తిని పడుకుంటారు. కోతలయిన చేలలోకి బాతులు మేపేవాళ్ళు దిగుతారు. రాత్రికి వల కట్టి బాతుల్ని లోపలికి తోలి, పక్కనే గుడారం వేసుకుంటారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఆ చేలో అయిపోగానే గుడారం పీకి పక్క ఊరు. మెట్ట ప్రాంతాల నుంచి గొర్రెల మందలు వస్తాయి. చేలో మంద కట్టించుకున్న రైతుకి ఎరువు, కాపరికి ఇంత డబ్బో ధాన్యమో. ఇక ఆఫీసర్లు సరేసరి. తుపాను అనగానే వాళ్ళూ క్యాంపే. ఫోన్ చేస్తే "సారు క్యాంపులో ఉన్నారు" అంటారు. అన్ని క్యాంపుల్లోకీ కాస్త సుఖమైనది ఆ ఆఖరిదేననుకోండి.

ఇంతమంది ఆకాశం కింద పడుకుంటున్న రోజుల్లో "తుపాను వస్తోంది" అన్న మాట, డాబా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి వినిపించినట్టు వినిపించదు. టీవీ చూసేవాడికి అది వార్త. కల్లంలో ఉన్నవాడికి అది ఆ పూటే తేల్చుకోవాల్సిన లెక్క.

మూడు రోజుల్లో జరిగేది

పొద్దున్నే గట్టు మీద ఒకటే ప్రశ్న. "ఏం మావయ్యా, కోసేద్దామా, ఉంచుదామా?" వెన్నులో గింజలు నూటికి ఎనభై అయినా బంగారు రంగు తిరిగితేగాని కోయకూడదని చిన్న పిల్లాడికీ తెలుసు. అయినా పక్క చేలో మిషను దిగిందంటే మనసు నిలవదు. కౌలు రైతుకి అసలే నిలవదు. పంట పోయినా చాలాచోట్ల కౌలు పోదు. సొంత భూమి ఉన్నవాడు రెండు రోజులు ఆగుదామనుకుంటాడు, కౌలువాడు ఆగలేడు.

అందరూ ఒక్కసారే కోయించాలనుకునేసరికి మిషను దొరకదు. దొరికినా గంట రేటు నిన్నటిది కాదు. చేలో తడి ఉంటే టైరు మిషను దిగదు, చైను మిషను కావాలి, దాని రేటు ఇంకో మెట్టు పైన. పూర్తిగా పండని చేను మిషను కోస్తే తాలు, పచ్చిగింజ కలిసే వస్తాయి. మరకి వెళ్ళాక నూక ఎక్కువ పడుతుంది. ఆ సంగతి కొనేవాడికి ముందే తెలుసు గనక ధరలోనే కోసేస్తాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తేమ దగ్గర. ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. హడావుడిగా మిషనుతో కోసిన ధాన్యం 22, 24, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజులు ఎండబెడితే దిగుతుంది. కానీ తుపాను వస్తోందంటుంటే ఎండబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? సరిగ్గా ఆ సమయానికి కొనేవాడి లారీ ఊళ్ళోకి వస్తుంది. "రేపు వానొస్తే ఇదీ రాదు" అన్న ఒక్క మాటతో బేరం అయిపోతుంది.

ఆ బేరంలో ఎంత పోతుందో కాస్త లెక్క వేసి చూద్దాం. 2025-26 సీజనుకి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి రూ.2,369. అంటే 75 కిలోల బస్తాకి దాదాపు రూ.1,777. ఎకరాకి 30 బస్తాలు అనుకుని, బస్తాకి రూ.200 తగ్గించి అమ్ముకుంటే ఎకరాకి రూ.6,000. అయిదెకరాలు చేసేవాడికి రూ.30,000. వాన చుక్క పడకుండా, గాలి వీచకుండా పోయిన డబ్బు ఇది. మిషను దగ్గర పెరిగిన ఖర్చు ఇందులో కలపలేదు.

తేమకి తూకం తగ్గించడంలో కొంత న్యాయం లేకపోలేదు. అది కూడా చెప్పాలి. 24 శాతం తేమ ఉన్న క్వింటాలు ధాన్యం 17 శాతానికి ఆరితే 91న్నర కిలోలు అవుతుంది. 75 కిలోల బస్తాకయితే ఆరు కిలోల పైచిలుకు నీరు. అంతవరకు తీసుకుంటే అడగలేం. పది కిలోలు, పన్నెండు కిలోలు తీసుకున్నాడంటే పైదంతా తుపాను పేరు చెప్పి తిన్నదే. ఈ లెక్క రైతులు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవడం మంచిది.

ఇంకో సంగతి ఉంది. ఊళ్ళో మాట్లాడుకునేదే గాని పేపర్లలో ఎప్పుడో గాని రాదు. మన మాగాణిలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే పదును చూసుకుని మినుము చల్లుతాం. ఎకరాకి 16 నుంచి 18 కిలోల విత్తనం. కోతలయ్యేసరికి అది మొలకెత్తి, మిగిలిన తడితోనూ, మంచుతోనూ పెరుగుతుంది. డెల్టా రైతుకి వరి అప్పు తీరిస్తే మినుము ఇల్లు గడుపుతుంది. తుపాను భయంతో మిషను తొందరపడి దిగితే చల్లిన మినుము చక్రాల కింద పోతుంది, లేదా చల్లకుండానే కోత అయిపోతుంది. తర్వాత మళ్ళీ దున్ని వెదబెట్టాలంటే ఖర్చు, ఆలస్యం. రాని తుపాను రెండో పంటని కూడా ఇలా తినేస్తుంది.

లెహర్, జవాద్

ఇదంతా ఊహించి రాస్తున్నది కాదు. 2013 నవంబరు మన జిల్లావాళ్ళకి బాగా గుర్తు. నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. చేలు పడిపోయాయి, పనలు నీళ్ళలో తేలాయి. వారం తిరగకుండా లెహర్ అన్నారు. అది అండమాన్ దీవుల్ని దాటుకుని అతి తీవ్ర తుపాను స్థాయికి వెళ్ళిన మాట నిజం. హెలెన్ కన్నా ఎన్నో రెట్లు అని భయం పుట్టింది. తీరం వెంట ఊళ్ళు ఖాళీ చేయించారు. తీరా చూస్తే, సముద్రం మీదనే పై గాలులు దాని నడుము విరిచేశాయి, పొడిగాలి లోపలికి చొరబడింది. నవంబరు 28న మచిలీపట్నం దగ్గర ఒడ్డు చేరేసరికి అది తుపాను కాదు, మామూలు వాయుగుండం.

2021 డిసెంబరులో ఉత్తరాంధ్ర వంతు వచ్చింది. జవాద్ తుపాను శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మీదికి వస్తుందని బడులు మూశారు, రైళ్ళు ఆపేశారు, వేల మందిని శిబిరాలకి తరలించారు. డిసెంబరు 4న సముద్రంలోనే తీవ్ర వాయుగుండంగా బలహీనపడి, ఒరిస్సా వైపు తిరిగి, పూరీ దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా నీరసించింది. అక్కడా వరి కోతల కాలమే.

రెండుసార్లూ వాతావరణ శాఖవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. వాళ్ళు బులెటిన్ వెంట బులెటిన్ ఇచ్చారు. బలపడినప్పుడు బలపడిందన్నారు, బలహీనపడినప్పుడు అదీ చెప్పారు. తుపాను దారి పటంలో సన్నగా మొదలై ముందుకెళ్ళేకొద్దీ వెడల్పయ్యే చాట లాంటి బొమ్మ వేస్తారు. ఆ చాటలో ఎక్కడికైనా రావచ్చని దాని అర్థం. దాన్ని టీవీవాళ్ళు ఒక గీత చేసి, ఆ గీత చివర మన ఊరి పేరు రాస్తారు. బాధంతా అక్కడుంది. బలపడిందన్న మాట పెద్ద గొంతుతో వస్తుంది. బలహీనపడిందన్న మాట ఎవరికీ వినపడకుండా పోతుంది. అప్పటికే కెమెరాలు వేరేచోటికి వెళ్ళిపోతాయి.

అయితే ప్రాణాల దగ్గర బేరం లేదు

ఇంత రాశాక, తుపాను హెచ్చరికలన్నీ ఉత్తవేనని ఎవరూ అనుకోకూడదు. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి పదివేల మంది దాకా చనిపోయారు. ఆ రోజు కబురు అందని ఊళ్ళెన్నో. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానులో వెయ్యి మంది వరకు పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఇవాళ అలాంటి చావులు తగ్గాయంటే ముందుగా ఊళ్ళు ఖాళీ చేయించబట్టే. పదిసార్లు చెప్పి తొమ్మిదిసార్లు రాకపోయినా పదోసారీ శిబిరానికి వెళ్ళాల్సిందే. లంకల్లో, సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళకి వేరే మాట లేదు. చేలో గుడారం వేసుకున్న బాతుల వాళ్ళకీ, కాపర్లకీ అంతే. వాళ్ళ పేరు ఆ ఊరి జాబితాలో ఉండదు కాబట్టి పిలిచి చెప్పేవాళ్ళు కూడా ఉండరు. ఆ బాధ్యత పంచాయతీ తీసుకోవాలి. మనుషుల్ని బడిలో ఉంచి, బాతుల్ని మెరక మీదికి తోలుకోనివ్వడం పెద్ద పనేం కాదు.

కానీ మనిషికి చెప్పే హెచ్చరిక వేరు, పంటకి చెప్పే హెచ్చరిక వేరు. మనిషిని లేపడానికి కాస్త గట్టిగా అరిచినా తప్పులేదు. ప్రాణం నిలిస్తే చాలు. పంట విషయంలో అరుపుతో పనిలేదు, వివరం కావాలి. ఏ మండలంలో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎంత వాన, ఎంత గాలి? ఈ నాలుగూ చెబితే రైతు తన లెక్క తాను వేసుకుంటాడు. ఇప్పుడు రెండు పనులకీ ఒకే అరుపు వాడుతున్నారు.

పైగా ఆ అరుపంతా గాలి గురించే. వరికి గాలి కన్నా వాన ప్రమాదం. కోసి పడున్న పనల మీద పేరూ ఊరూ లేని అల్పపీడనం రెండు రోజులు ముసురు పట్టినా చాలు, గింజ మొలకెత్తిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో చేలు మునిగింది వానకే. బస్తాల్లోకి ఎత్తిన ధాన్యం కూడా తడిసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మన తీరం దాటగానే కథ అయిపోయిందనుకున్నారు. మర్నాడు ఆ వానంతా వరంగల్ వైపు కుండపోతగా కురిసింది. అక్కడ ఆరబోసుకున్నవాళ్ళు తీరం కబుర్లు విన్నంతసేపు తమ ఊరి కబురు వినలేదు. అందుకే రైతు చూడాల్సింది తుపాను పేరు కాదు, తన మండలానికి వాన ఎంత అన్నది. పసుపు, నారింజ, ఎరుపు అని జిల్లాలవారీగా వాతావరణ శాఖ రంగులు ఇస్తుంది. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి. పసుపు రంగు చూసి పచ్చి చేను కోసెయ్యడం ఎంత తప్పో, ఎరుపు చూసి కూడా పనలు చేలో వదిలెయ్యడం అంత తప్పు.

వ్యవసాయ వాతావరణ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వస్తాయి. మంచి సలహాలే. కానీ తుపాను మంగళవారమో శుక్రవారమో చూసుకుని రాదు కదా. జిల్లా స్థాయిలో ఈ పని చేయడానికి పెట్టిన విభాగాలని 2024లో మూసేశారు కూడా. రైతు చెవికి దగ్గరగా ఉన్న ఆ కాస్త దీపాన్ని ఎందుకు ఆర్పారో మనబోటివాళ్ళకి అర్థం కాదు.

చేలో ఉన్నదాన్ని బట్టి

హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలన్నది పంట దశని బట్టి ఉంటుంది. అందరికీ ఒకే మంత్రం పనికిరాదు. గింజ ఇంకా పాలు, పిండి దశలో ఉంటే కత్తి, మిషను మాట మరిచిపోండి. చేలో నీరు తీసేసి, కాలవలు, బోదెలు బాగుచేసుకుని ఉండడమే. పడిపోయిన చేనుని నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టుకోవచ్చు. పూర్తిగా పండి, రెండు రోజుల వ్యవధి నిజంగా ఉండి, ధాన్యం పోసుకోవడానికి మెరక, కప్పడానికి బరకాలు ఉంటేనే కోయించండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నిలబడ్డ చేనే నయం. చేను మీదున్న గింజ కన్నా నేల మీద నానిన గింజ ముందు మొలకెత్తుతుంది.

పనలు ఇప్పటికే పడి ఉండి తడిస్తే, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, అంటే అయిదు శాతం ద్రావణం చేసి, పనలు తడిసేటట్టు చల్లాలి. మొలక ఆగుతుంది, రంగు మారడం తగ్గుతుంది. నూర్చిన ధాన్యం తడిస్తే క్వింటాలుకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే నాలుగు రోజులు ఓర్చుకుంటుంది. ఎండ రాగానే ఆరబోసి తూర్పార పడితే ఊక పోతుంది. బీమా ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫసల్ బీమా వర్తించేచోట, కోసి చేలో ఆరవేసిన పంట 14 రోజుల లోపు తుపాను వానకి పాడయితే పరిహారం అడగొచ్చు. కానీ 72 గంటల్లోగా తెలియజేయాలి. చాలామంది దగ్గర ఈ గడువు దాటిపోయే పరిహారం పోతోంది.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. హెచ్చరిక ఇచ్చిన రోజునే, ఫలానా తేదీ వరకు తేమ ఎక్కువున్నా ధాన్యం తీసుకుంటాం, నీటికి తగ్గ తూకం మాత్రమే తగ్గిస్తాం అని కూడా ప్రకటించాలి. తుపాను వెళ్ళిపోయి, ధాన్యం అగ్గువకి అమ్ముడుపోయాక ఇచ్చే సడలింపు రైతుకి అందదు, కొన్నవాడికి అందుతుంది. బరకాలు గోడౌన్‌లో ఉండటం కాదు, అక్టోబరులోనే రైతు సేవా కేంద్రానికి చేరాలి. కోత మిషన్ల గంట రేటు సీజను మొదట్లో మండలంలో కూర్చుని ఒప్పుకున్నదే తుపాను రోజుల్లోనూ నడవాలి. నష్టం లెక్కలకి వచ్చే బృందం ఆ వారంలో ఊళ్ళో ధాన్యం ఏ ధరకి పోయిందో కూడా ఒక గడిలో రాసుకోవాలి. ఆ గడి లేకనే ఈ నష్టం లేనట్టు చలామణీ అవుతోంది.

రైతులు కూడా ధాన్యం తేమ కొలిచినప్పుడు ఆ అంకె, తేదీ, ధర చీటీ మీద రాయించుకోండి. రాయనంటే మీరే రాసుకుని పక్క రైతుతో సంతకం పెట్టించుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

మరొకటి. తుపాను వస్తోందని మైకు కట్టుకుని ఊళ్ళో తిరిగిన ఆటో, అది బలహీనపడిందన్న కబురు రాగానే మళ్ళీ అదే వీధుల్లో, అదే గొంతుతో తిరగాలి. కల్లాల వైపు, బాతుల గుడారాల వైపు కూడా తిరగాలి. ఆ రాత్రికే తిరగాలి. తెల్లారితే మిషన్లు పచ్చి చేలలోకి దిగిపోతాయి.